ఆయనకు ప్రేమ లేదా? మాట రాదా?

నలభై రెండు, నలభై మూడేళ్ళ ఇల్లాలు ఒకామె మా ఆస్పత్రికి వచ్చింది. గుండెల్లో బరువు, ఒళ్ళంతా నొప్పులు. రాత్రి రెండింటికి మెలకువ వస్తే మళ్ళీ నిద్ర పట్టదు. ఆరు నెలలుగా తిరుగుతోంది. ఇ.సి.జి. తీయించాను, బాగానే వుంది. షుగరు, థైరాయిడ్, హిమోగ్లోబిన్ అన్నీ వుండవలసినట్టే వున్నాయి. ఇక మిగిలింది అడగవలసిన ప్రశ్న ఒక్కటే.

"ఇంట్లో ఏమైనా గొడవలా అమ్మా?"

"గొడవ కూడా లేదు డాక్టరుగారూ. గొడవైనా వుంటే రెండు మాటలు వినపడేవి," అన్నది.

ఆమె భర్త బయట బెంచీ మీద కూర్చుని వున్నాడు. ఉదయం ఆరింటికే వచ్చి ఓ.పి. చీటీ కోసం వరుసలో నిలబడింది ఆయనే. చేతిలో ఫ్లాస్కు. ఒళ్ళో ఫైలు. ఆరు నెలల రిపోర్టులన్నీ తేదీల వారీగా అందులో అమర్చి పెట్టుకున్నాడు. లోపలికి పిలిచి, ఆవిడను కాసేపు బయట కూర్చోమని, సూటిగానే అడిగాను:

"మీకు మీ ఆవిడంటే ఇష్టమేనా?"

ఆయన తెల్లబోయాడు. "అదేం ప్రశ్న సార్? ఇష్టం లేకపోతే 22 సంవత్సరాలు కాపురం చేస్తానా?"

"ఆ మాట ఆవిడతో ఎప్పుడైనా అన్నారా?"

"అదెలా అంటాం సార్!"

పాఠకులారా, ఈ అయిదు అక్షరాల మాట, "అదెలా అంటాం" అన్నది, మన ఇళ్ళలో ఎంతమంది మగవారి గొంతులో అడ్డం పడి వున్నదో మీకు తెలియనిది కాదు. ప్రేమ లేక కాదు. వున్న ప్రేమను రోజూ వాడే చిల్లరగా మార్చుకోవడం తెలియక. ఇది సిగ్గుపడవలసిన జబ్బు కాదు, అలాగని వదిలెయ్యదగిన చిన్న విషయమూ కాదు. దీని సంగతి ఈ వారం కాస్త వివరంగా చూద్దాం.

సినిమా ప్రేమ గురించి కాదు

ముందుగా ఒక అపోహ తొలగించుకోవాలి. ప్రేమను చూపించడం అనగానే చాలామందికి మంచుకొండల మధ్య పాట పాడే హీరో కళ్ళముందు మెదులుతాడు. "ఈ వయసులో ఆ వేషాలేమిటండీ!" అని కొట్టిపారేస్తారు. ఆ వేషాలు ఎవరూ అడగడం లేదు. మా దగ్గరకు వచ్చే ఆడవాళ్ళు అడిగేది చాలా చిన్నది. బడలికగా వున్నప్పుడు "కాసేపు పడుకో" అనే మాట. వండిపెట్టినది బాగుంటే బాగుందని ఒక మాట. జ్వరమొచ్చినప్పుడు నుదుటి మీద ఒక చెయ్యి. అంతే.

అమెరికాలో జాన్ గాట్‌మన్ అనే మనస్తత్వ శాస్త్రవేత్త దంపతులను తన ప్రయోగశాలలో కూర్చోబెట్టి, వాళ్ళ మాటలను, గుండె వేగాన్ని చాలా సంవత్సరాలపాటు పరిశీలించాడు. కొత్తగా పెళ్ళయిన జంటలను చూసి, ఆరేళ్ళ తర్వాత వాళ్ళ కాపురాలు ఎలా వున్నాయో మళ్ళీ విచారించాడు. ఆయన గమనించినది ఇది: ఒకరు ఏదో చిన్న మాట అన్నప్పుడు రెండవవారు అటు తిరిగి పలికారా, లేదా? కలిసి వున్న జంటలు నూటికి 86 సార్లు పలికేవారట. విడిపోయిన జంటలు 33 సార్లు మాత్రమే.

దీన్ని మన ఇంటి భాషలో చెప్పుకుందాం. "పెరట్లో వేపచెట్టు పూసింది, చూశారా?" అంటుంది భార్య. ఆయన పేపరులోనుంచో, ఫోనులోనుంచో తల ఎత్తకుండా "ఊఁ" అంటాడు. వేపపువ్వు సంగతి ఆయనకు అనవసరమే కావచ్చు. కానీ ఆమె చెప్పింది వేపపువ్వు గురించి కాదు. "ఒక్క నిమిషం నాతో వుండండి" అని. ఆ "ఊఁ"లు పోగుపడి పోగుపడి పదేళ్ళలో గోడ అవుతాయి.

ఎందుకిలా తయారవుతారు?

మగపిల్లవాడు రాయిలా పుట్టడు. ఆరు నెలల పసిపిల్లలను పరిశీలించినవారు, మగపిల్లలు తమ బాధను, సంతోషాన్ని ఆడపిల్లలకంటె ఎక్కువగానే బయటపెడతారని గమనించారు. మరి ఆ పిల్లవాడు నలభయ్యో ఏటికి నోరు లేనివాడు ఎలా అయ్యాడు? మనమే చేశాం. దెబ్బ తగిలి ఏడిస్తే "ఛీ, ఆడపిల్లలా ఏడుస్తావేంట్రా!" అన్నాం. భయమేస్తోందంటే నలుగురిలో నవ్వాం. అమ్మ పక్కన కూర్చుంటే "అమ్మకూచి" అన్నాం. ఏడుపు, భయం, బెంగ అన్నీ మూసేసి, ఒక్క కోపానికి మాత్రం తలుపు తెరిచి వుంచాం. పెద్దయ్యాక వాడికి దిగులొచ్చినా కోపంగానే వస్తుంది, అలసటొచ్చినా కోపంగానే వస్తుంది.

రెండవది, చూసి నేర్చుకోవడానికి ఇంట్లో నమూనా లేకపోవడం. నా తరంవాళ్ళు చాలామంది ఉమ్మడి కుటుంబాల్లో పెరిగినవాళ్ళం. పగటిపూట మా నాన్నగారు మా అమ్మతో నేరుగా మాట్లాడటం నేను అరుదుగా చూశాను. "మీ అమ్మను మంచినీళ్ళిమ్మను" అని నాతో చెప్పేవారు. ఆమె రెండు గజాల దూరంలోనే వుండేది! పెద్దల ముందు భార్యతో నవ్వుతూ మాట్లాడితే మర్యాద తప్పినట్టు. భార్యను పేరు పెట్టి పిలవడం కూడా తక్కువే. "ఏమేవ్", "ఇదుగో", "నిన్నే" - ఇవే పేర్లు. ఆమెకు సాయం చేస్తే "పెళ్ళాం కొంగు పట్టుకు తిరుగుతున్నాడు" అని తోడికోడళ్ళు, ఆడపడుచులే నవ్వేవారు. ఉమ్మడి కుటుంబాలు పోయినా ఆ బెదురు మాత్రం పోలేదు.

మూడవది, లోపల ఏం జరుగుతోందో తనకే తెలియకపోవడం. 1970వ దశకంలో పీటర్ సిఫ్నియోస్ అనే మానసిక వైద్యుడు ఈ లక్షణానికి "అలెక్సిథైమియా" అని పేరు పెట్టాడు. గ్రీకు భాషలో మాట, భావం అనే పదాలను కలిపి చేసిన పేరు. భావానికి మాట దొరకకపోవడం అని అర్థం. అలాంటివారిని "ఎలా వుంది మనసు?" అని అడిగితే "కడుపులో మంటగా వుంది సార్" అంటారు. అబద్ధం కాదు, వారికి తెలిసేది అంతే. 1999లో ఫిన్లాండులో పరిశోధకులు ప్రకటించిన లెక్క ప్రకారం ఈ లక్షణం మగవారిలో 17 శాతం మందికి, ఆడవారిలో 10 శాతం మందికి వున్నది. అంటే ఆ దేశపు మగవారిలోనైనా నూటికి ఎనభై మందికి పైగా ఆ లోపం లేదన్న మాట! కాబట్టి "నా తత్త్వమే ఇంత" అని తప్పించుకునే అవకాశం చాలామందికి లేదు. లోపించింది అలవాటు.

నాలుగవది, జంకు. భార్య కంటతడి పెట్టగానే లేచి వీధిలోకి పోయే భర్తలున్నారు. ఆమెకది నిర్లక్ష్యంలా కనిపిస్తుంది. నిజానికి ఆ సమయంలో ఆయన గుండె నిమిషానికి వందకు పైగా కొట్టుకుంటూ వుండవచ్చు. ఏం చెప్పాలో తోచక పారిపోతాడు. గాట్‌మన్ పరిశీలనలో కూడా ఇలా గోడలా బిగుసుకుపోయేవారిలో ఎక్కువమంది మగవారే.

మౌనం వెనక జబ్బు వుండవచ్చు

ఇంతవరకు చెప్పినది ఎప్పుడూ మాట తక్కువగా వుండేవారి సంగతి. మొదట్లో సరదాగా వుండి, ఏడాదిగానో రెండేళ్ళుగానో ముడుచుకుపోయిన మనిషి సంగతి వేరు. అతన్ని తిట్టేముందు పరీక్ష చేయించాలి.

మానసిక కుంగుబాటు మగవారిలో ఏడుపుగా కనిపించకపోవచ్చు. చిరాకుగా, మౌనంగా, తాగుడుగా బయటపడుతుంది. నిద్ర, ఆకలి మారి, ఇష్టమైన పనులమీద కూడా ఆసక్తి పోయి రెండు వారాలు దాటితే డాక్టరుకు చూపించండి.

షుగరు వ్యాధి, రక్తపోటు వున్నవారిలో కొందరికి అంగస్తంభన సమస్య వస్తుంది. ఈ మాట చెప్పుకోవడానికి సిగ్గుపడి వాళ్ళు చేసే పని ఏమిటో తెలుసా? భార్యకు దూరంగా జరుగుతారు. పక్కన కూర్చోరు, చెయ్యి పట్టుకోరు, సరసంగా ఒక మాట అనరు. మాట చనువుకు, చనువు పడకకు దారి తీస్తుందని, అక్కడ ఓడిపోతామని భయం. భార్య మాత్రం "నేను ముసలిదాన్నయ్యాను, నా మీద మోజు తీరింది" అని కుమిలిపోతుంది. ఒకే మంచం మీద ఇద్దరూ రెండు రకాల అవమానాలు మోస్తూ వుంటారు! దీనికి చికిత్స వుంది. పైగా ఈ సమస్య కొన్నిసార్లు గుండె రక్తనాళాల జబ్బుకు ముందస్తు హెచ్చరిక కూడా. కాబట్టి దాచుకోకూడదు. రక్తపోటు మాత్రల వల్లనే అని అనుమానించి మీ అంతట మీరు మానెయ్యకూడదు. డాక్టరుతో చెబితే మందు మార్చవచ్చు.

ఇంకొకటి చెబితే నవ్వుతారు గాని, చెవుడు కూడా చూడాలి. రైసు మిల్లులో, నూలు మిల్లులో పాతికేళ్ళు పనిచేసినవాడికి భార్య మెల్లగా అనే మాట సగం వినపడదు. "పలకడు, ఉలకడు" అని నింద. చెవి పరీక్ష చేయిస్తే సగం కాపురం బాగుపడిన ఇళ్ళు నాకు తెలుసు.

ఫైలు పట్టుకున్న చెయ్యి

మగవారి తరఫున కూడా ఒక మాట చెప్పాలి. వాళ్ళు చేతలతో మాట్లాడతారు. తెల్లవారుజామున లేచి మోటారు వేసి నీళ్ళు పట్టడం, భార్య మాత్రలు అయిపోకముందే తెచ్చి పెట్టడం, ఆమె పుట్టింటికి వెళ్తుంటే బస్సు కదిలేదాకా కిటికీ దగ్గర నిలబడటం, ఇవన్నీ ప్రేమలేఖలే. మా బెంచీ మీద కూర్చున్న ఆయన ఫైలు కూడా ప్రేమలేఖే. కానీ లేఖ చదవడం రాని చోట దాన్ని చదివి వినిపించాలి. చేతలు ఒక్కటే చాలవు. ఎందుకో నా సొంత అనుభవం చెబుతాను.

పదేళ్ళ కిందట మా ఆవిడకు గర్భసంచి ఆపరేషన్ జరిగింది. నేను డాక్టర్నే గనక అన్ని ఏర్పాట్లూ దగ్గరుండి చూశాను. రక్తం సిద్ధం చేయించాను. మత్తు డాక్టరుగారిని పది ప్రశ్నలు వేశాను. మంచి సర్జన్‌ను చూసి పెట్టాను. ఆపరేషన్ గదిలోకి తీసుకుపోతూంటే స్ట్రెచరు మీదనుంచి ఆమె నా వంక చూసింది. నేను నర్సు వైపు తిరిగి, "కేస్ షీటు తీసుకున్నారా?" అన్నాను.

ఆపరేషన్ చక్కగా జరిగింది. నెల తర్వాత ఒక సాయంత్రం మా ఆవిడ కూరలు తరుగుతూ మామూలుగానే అన్నది: "ఆ రోజు ఆయమ్మ నా చెయ్యి పట్టుకుని, భయపడకమ్మా అన్నది. మీరు కేస్ షీటు పట్టుకున్నారు."

వేలమంది రోగులకు ధైర్యం చెప్పిన నోరు నాది. నా భార్యకు చెప్పవలసిన ఒక్క మాట రాలేదు. ప్రేమ లేకనా? ఆ రోజు నా కాళ్ళు వణుకుతూనే వున్నాయి. ఆ వణుకును కేస్ షీటు వెనక దాచుకున్నాను. ఆమెకు కనిపించింది మాత్రం షీటు.

2006లో జేమ్స్ కోన్ అనే శాస్త్రవేత్త, ఆయన సహచరులు ఒక పరిశోధన ప్రకటించారు. 16 మంది వివాహిత స్త్రీలకు చిన్న కరెంటు షాకు తగులుతుందని ముందే చెప్పి, ఆ భయంలో వాళ్ళ మెదడు ఎలా పనిచేస్తోందో స్కానింగులో చూశారు. ఎవరి చెయ్యీ పట్టుకోనప్పుడు భయం ఎక్కువగా వుంది. ముక్కూ మొహం తెలియనివాళ్ళ చెయ్యి పట్టుకుంటే కొంత తగ్గింది. భర్త చెయ్యి పట్టుకున్నప్పుడు ఇంకా బాగా తగ్గింది, అందులోనూ అన్యోన్యంగా వుండే జంటల్లో. ఆయమ్మ చెయ్యి మా ఆవిడకు కొంత పనిచేసింది. నా చెయ్యి అంతకంటె ఎక్కువ పనిచేసి వుండేది.

మాట కూడా మందే. 2005లో జానిస్ కీకోల్ట్-గ్లేజర్ బృందం 42 జంటల చేతుల మీద చిన్న పొక్కులు కల్పించి, అవి మానే వేగాన్ని లెక్కగట్టింది. ఒకరినొకరు దెప్పుకునే దంపతుల్లో పుండ్లు మానడం మెల్లగా జరిగింది. ఇంట్లో మాట తీరు చర్మం దాకా పోతుందన్న మాట!

మగవారికి నా మందుచీటీ

ఇవి రెండు వారాలు వాడి చూడండి. ఖర్చు లేదు, పథ్యం లేదు.

1. భార్యను పేరు పెట్టి పిలవండి. రోజుకు ఒక్కసారైనా, పని చెప్పడానికి కాకుండా.

2. ఇంటికి రాగానే మొదటి పది నిమిషాలు ఫోను, టీవీ ముట్టుకోకండి. లెక్కలు, పిల్లల ఫీజులు కాని ఒక సంగతి అడగండి. "నడుం నొప్పి తగ్గిందా?" అన్నా చాలు. అడిగి జవాబు వినండి. వెంటనే సలహా చెప్పకండి. ఇది ఓ.పి. కాదు!

3. కూరలో ఉప్పు తక్కువైన రోజునే నోరు తెరిచే అలవాటు మానండి. బాగున్న రోజున, తింటున్నప్పుడే బాగుందని చెప్పండి.

4. చేసే పనికి ఒక మాట తగిలించండి. మూరెడు మల్లెపూలు తెచ్చి తలుపు గొళ్ళానికి తగిలించి పోకుండా, చేతికిచ్చి "నీ కోసం తెచ్చాను" అనండి. పూలు అవే, విలువ వేరు.

5. మీ అమ్మగారి ముందు, పిల్లల ముందు ఆమెను ఒక్కసారి మెచ్చుకోండి. పడకగదిలో చెప్పిన పది మాటలకంటె అది బరువైనది.

6. ఏమీ ఆశించకుండా చెయ్యి పట్టుకోండి. రోడ్డు దాటేటప్పుడు, ఆస్పత్రి బెంచీ మీద.

7. నోరు రాకపోతే రాయండి. తెల్లవారగానే ముక్కూ మొహం తెలియని గ్రూపులకు గులాబీ బొమ్మలు పంపుతున్నారు కదా! అందులో ఒక్క మాట, బొమ్మ లేకుండా, ఇంట్లో మనిషికి పంపండి.

మొదటి నాలుగు రోజులు నాలుక తడబడుతుంది. నాటకంలా వుంటుంది. సైకిలు నేర్చుకున్నప్పుడు పడలేదా? ఇదీ అంతే.

ఆడవారికి రెండు మాటలు

22 సంవత్సరాలు నోరు మెదపని మనిషి ఒకరోజు "ఈ చీర నీకు బాగుంది" అంటే, "ఏమిటివాళ కొత్తగా? ఏం కావాలేంటి?" అని నవ్వకండి. మీకది సరదా. ఆయన మళ్ళీ ఆరేళ్ళు నోరు విప్పడు. కావలసినది ఆయనే కనిపెట్టాలని పరీక్ష పెట్టకండి. "ఇవాళ నాకు దిగులుగా వుంది, కాసేపు నా పక్కన కూర్చోండి" అని విడమర్చి చెప్పండి. అడిగి పొందినది ప్రేమ కాదనుకోవడం పొరపాటు. ఆకలేసినప్పుడు అడిగి తిన్న అన్నం అన్నం కాదా?

ఇంకొకటి. మాట రానివాడు వేరు, మాటతో పొడిచేవాడు వేరు. బయట అందరితో తియ్యగా మాట్లాడి, ఇంట్లో భార్యను మాత్రం రోజూ కించపరిచేవాడిని, చెయ్యి చేసుకునేవాడిని "పాపం, ఆయనకు ప్రేమ చూపించడం రాదు" అని సరిపెట్టుకోకండి. అది మౌనం కాదు, హింస. 2005 నాటి గృహహింస చట్టం మాటలతో చేసే హింసను కూడా హింసగానే లెక్కించింది. 181 నంబరుకు ఫోను చేస్తే సాయం అందుతుంది. మనసు కుంగిపోయినవారు, ఆడవారైనా మగవారైనా, 14416కు ఫోను చేసి ఉచితంగా మాట్లాడవచ్చు.

మగపిల్లల తల్లిదండ్రులకు కూడా ఒక విన్నపం. మీ వాడు ఏడిస్తే ఏడవనివ్వండి. "ఏమైంది నాన్నా?" అని అడిగి, చెప్పేదాకా ఆగండి. ముప్ఫై ఏళ్ళ తర్వాత ఎవరి కూతురో మీకు రుణపడి వుంటుంది.

ఆ దంపతుల సంగతి

రెండు నెలల తర్వాత వాళ్ళిద్దరూ మళ్ళీ వచ్చారు. ఫైలు ఆయన చేతిలోనే వుంది. ఆవిడ ఒంటినొప్పులు పూర్తిగా పోలేదు. నేను కూడా పోతాయని మాట ఇవ్వలేదు. రాత్రి నిద్ర మాత్రం పడుతోందట.

"చెప్పాను సార్," అన్నాడాయన నేల చూపులు చూస్తూ.

"ఏం చెప్పారు?"

"నువ్వు లేకపోతే వంటింట్లో ఏ డబ్బాలో ఏముందో కూడా నాకు తెలియదు అన్నాను."

నేను ఆవిడ వంక చూశాను. ఆమె కొంగు నోటికడ్డం పెట్టుకుని నవ్వుతోంది. "అంతేనండీ. అదే మొదటిది," అన్నది.

భార్య పోయాక ఫొటోకు దండవేసి, దాని ముందు కూర్చుని గంటలకొద్దీ కబుర్లు చెప్పే ముసలివారిని నా ఉద్యోగంలో చాలామందిని చూశాను. అప్పుడు మాటలు ఎక్కడనుంచి వచ్చాయి? అంతకుముందూ లోపలే వున్నాయి. వినేవారుండగా రాలేదు, అంతే.

ఈ పత్రిక మడిచి పక్కన పెట్టండి. మీ ఆవిడ ఏ గదిలో వున్నదో చూడండి. పేరు పెట్టి పిలవండి.